నాయన అరుగు తీసి ర్యాంప్ కట్టించాం

కోలార్ బంగారు గనుల దగ్గర ఊరిగాంలో బడి వదిలాక ఇంటికి నడుస్తున్నాను. వెనకనుంచి ఎవరో "టీచరమ్మా, మీ చెప్పు ఈడే ఉండాది!" అని కేకేశారు. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. నవ్వుతూ వెనక్కి వచ్చి తొడుక్కున్నాను. తొడుక్కున్నది కూడా కాలికి తెలియలేదు.

మర్నాటికి రెండు కాళ్లూ మొద్దుబారాయి. కోలార్‌లో చూసి బెంగళూరు పంపారు. ఎంఆర్ఐ చూసిన డాక్టరమ్మ, "ట్రాన్స్‌వర్స్ మైలైటిస్. స్పైనల్ కార్డ్‌లో వాపు. పవర్ కొంత వస్తుంది, ఎంతని ఇప్పుడే చెప్పలేను" అంది. స్టెరాయిడ్లు, ఫిజియోథెరపీ. పట్టుకుని నిలబడగలుగుతున్నాను అనుకునేసరికి బెడ్‌సోర్, దానికి ఇన్‌ఫెక్షన్. మళ్లీ మంచమే. అప్పుడు మాత్రం వెక్కివెక్కి ఏడ్చాను.

చివరికి వీల్‌చైర్‌తో చాంపియన్ రీఫ్స్‌లోని మా లైన్ ఇంటికి చేరాను. నాయన గనిలో పనిచేసేటప్పుడు, కార్మికులకని కట్టిన వరస ఇళ్లలో వచ్చిన ఇల్లు అది. వాకిలి ముందు అరుగు ఆయన చేతులతో కట్టుకున్నది. షిఫ్ట్ దిగి వచ్చి దానిమీద కూలబడితే నేనూ తమ్ముడూ చెరో బూటు లాగేవాళ్లం. టీ తాగుతూ, మనుషుల్ని గనిలోకి దింపే కేజ్ ఎంత వేగంగా దిగుతుందో ఆయన చెబుతుంటే లైన్ పిల్లలంతా నోరు తెరుచుకుని వినేవాళ్లు. ఆ సాయంత్రాలు ఎంత బాగుండేవో!

ఇప్పుడు ఆ అరుగే నాకు అడ్డమైంది. బయటికి రావాలంటే తమ్ముడు మునిరాజు ఎత్తుకుని దించాలి. "బియ్యం మూటే మేలక్కా" అని ఆటపట్టించేవాడు. నేనూ నవ్వేదాన్ని. కానీ మళ్లీ బడికి పోవాలంటే నా అంతట నేను వాకిలి దాటాలి కదా అని లోపల ఒకటే దిగులు.

వికలాంగుల ఇళ్లలో మార్పులకు మునిసిపాలిటీ సాయం ఉంటుందని ఫిజియోథెరపిస్టు చెప్పాడు. డిసెబిలిటీ సర్టిఫికెట్ జతచేసి అర్జీ పెట్టాం. ఇంజనీరు వచ్చి కొలతలు తీసి, "బాత్రూం వాకిలి వెడల్పు చేయిస్తాం, ర్యాంప్ వేయిస్తాం. అరుగు మాత్రం తీయాల్సిందేనమ్మా, వేరే చోటు లేదు" అన్నాడు.

మా అమ్మ పోయి అరుగుమీద చతికిలబడింది. "ఇది ఆయప్ప కూచున్న తావు. ముట్టొద్దండప్పా."

తర్వాత చెబుతామని ఇంజనీరును పంపేశాను. నాకూ ఆ అరుగంటే ప్రాణమే.

కొన్నాళ్లకు, చెకప్‌కు పోవడానికి మునిరాజు నన్ను ఎత్తుకుని దించుతుంటే చీర జారింది. వీధి నిండా జనం. సిగ్గుతో మొహం తిప్పుకున్నాను. అమ్మ చూసింది. ఇంటికి వచ్చాక పక్కన కూర్చుంది.

"ఊపిరితిత్తులు చెడినాక మీ నాయన్ని గూడా ఇట్లే ఎత్తుకొని దించినారు పాపా. ఆయప్పా ఇట్లే మొగం తిప్పుకున్నాడు. అప్పుడు సాయం చేసేవాళ్లు యాడున్నారు? ఇంగ తీయించెయ్."

అరుగు పగలగొట్టిన రోజు కొంగుతో కళ్లొత్తుకుంటూనే పనివాళ్లకు టీ పోసింది. "పట్టుకునే కమ్మీ రెండు పక్కలా పెట్టప్పా" అని మేస్త్రీకి మరీ మరీ చెప్పింది. నా మీద ప్రేమ అనుకున్నాను.

సిమెంటు గట్టిపడ్డాక నా చక్రాలు నేనే తిప్పుకుంటూ కిందికి దిగాను. వీధిలో ఆగి వెనక్కి చూస్తే, అమ్మ కమ్మీ పట్టుకుని మెల్లగా దిగుతోంది.

"మోకాళ్ల నొప్పులని ఎప్పుడూ చెప్పలేదేమ్మా?"

"చెప్తే నన్ను గూడా వాడే ఎత్తల్ల కదే!"

ఇప్పుడు బడికి వీల్‌చైర్‌లో పోతున్నాను, క్లాసులో వాకర్‌తో నాలుగడుగులు వేస్తున్నాను. సాయానికి అర్జీ పెట్టేవాళ్లకు ఒక్క మాట. ర్యాంప్‌కు కమ్మీ రెండు వైపులా అడగండి. ఒకటి మీకు. రెండోది, ఇంట్లో నొప్పి పైకి చెప్పకుండా తిరిగేవాళ్లకు.