చెవి కోసిన కుక్క

బోరబండలో పోచయ్యను కుక్కల పోచయ్య అంటారు. ఆ పిలుపుకు అతనెన్నడూ నొచ్చుకోలేదు. పద్దెనిమిదేళ్లుగా వీధికుక్కలను పట్టే మున్సిపాలిటీ బండి మీద పని. పట్టిన కుక్కను చంపకూడదు, ఇంకోచోట వదలకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ సూది వేసి, ఏ గల్లీలో పట్టారో ఆ గల్లీలోనే వదలాలి. చట్టం అది. మళ్లీ ఎందుకు తెచ్చావని అపార్ట్‌మెంట్ల వాళ్లు తిట్టేవారు, అసలెందుకు పట్టుకుపోయావని కుక్కలకు అన్నం పెట్టేవాళ్లు తిట్టేవారు. హైటెక్ సిటీ అద్దాల మేడల వెనక బిర్యానీ డబ్బాలు గుట్టలుగా పడి ఉంటాయి. అవి ఎత్తిస్తే కుక్కలు తగ్గుతాయని చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. ఎత్తించే తీరికే ఎవరికీ లేదు.

ఆపరేషన్ అయిన కుక్కకు గుర్తుగా, మత్తులో ఉండగానే చెవి కొస కోస్తారు. సూది వేసేది ఆ తర్వాత. కానీ చెవి కోసి ఉందంటే సూది కూడా పడ్డట్టేనని జనం నమ్ముతారు. అడిగిన వాళ్లందరికీ అలా చెప్పి నమ్మించింది పోచయ్యే.

పోయిన ఎండాకాలంలో ఒకరోజు సూదిమందు అయిపోయింది. అప్పటికే పదిహేడు కుక్కలకు చెవులు కోసి ఉన్నాయి. రేపొస్తుంది, ఎల్లుండొస్తుందంటూ నాలుగు రోజులు గడిచాయి. బోనులు ఖాళీ చేయాలి. కుక్కల డాక్టర్ మధు సూదులు వేసినట్టు పుస్తకంలో రాసేసి, వదిలి రమ్మన్నాడు. పోచయ్య వదిలి వచ్చాడు. మందు రాగానే మళ్లీ పట్టుకొద్దామనుకున్నాడు. అయితే కోసిన చెవి కనబడగానే వల దించేయడం అతని చేతికి అలవాటైపోయింది. మరిచిపోయాడు. నిజం చెప్పాలంటే, మరిచిపోతే హాయిగా ఉంటుంది గనుక మరిచిపోయాడు.

పోచయ్య ఉండే గల్లీలోనే అంజమ్మ ఉండేది. మొగుడు పోయాక ఒక ఐటీ ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేసి కూతురు శ్రీలతను డిగ్రీ చదివిస్తోంది. ఏటా పోచయ్యకు రాఖీ కట్టేది. వానాకాలంలో ఒక సాయంత్రం కుంటుకుంటూ వచ్చింది. ఆఫీసు వెనక చెత్త పారేస్తుంటే కుక్క కరిచిందట.

“జర పన్ను తాకిందన్నా. దవాఖానకు పోవాల్నా? ఒక పూట పని పోతది.”

“చెవి కోసి ఉన్నదా?”

“ఉన్నది.”

“అయితే ఫికర్ చెయ్యకు చెల్లె. సబ్బుతోని కడుక్కో, సాలు.”

రెండు నెలలకు జ్వరమొచ్చి ఆమెను పెద్ద దవాఖానలో చేర్చారు. శ్రీలత మందులకు పోయింది, పోచయ్య పక్కన కూర్చున్నాడు. దాహమంటే గ్లాసుతో నీళ్లందించాడు. నీళ్లు చూడగానే అంజమ్మ గొంతు బిగుసుకుపోయి, ఒళ్లంతా వణికింది. ఆ క్షణాన పోచయ్యకు పదిహేడు కుక్కలూ గుర్తొచ్చాయి. వాటిలో మూడింటిని ఆ ఆఫీసు వెనకే వదిలాడు. కుక్క కరిచిందా అని దవాఖాన డాక్టరు అడిగాడు. “సూది పడ్డ కుక్కనే సారూ,” అని అంజమ్మ పోచయ్య వైపు చూసింది. పోచయ్య అవునన్నట్టు తల ఊపాడు.

మూడో రోజు ఆమె పోయింది.

అధికారులు వచ్చి పుస్తకం తిరగేశారు. సూది వేసినట్టు ఉంది. కరిచింది ఇంకేదో కుక్క, దవాఖానకు పోకపోవడం ఆమె నిర్లక్ష్యం అని రాసుకుని పోయారు. పోచయ్యకు మాత్రం అప్పటినుంచి నీళ్లు దిగడం లేదు. గ్లాసు ఎత్తితే అంజమ్మ కళ్లు కనబడుతున్నాయి. భార్య నీలమ్మ దిష్టి తీసింది, దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. బండి మీద పోతుంటే ప్రతి గల్లీలోనూ కోసిన చెవులే. వాటిలో ఆ పదిహేడింటివి ఏవో అతనికి కూడా తెలియదు.

ఒకరోజు కొండాపూర్‌లో ఒక చిన్నపాప వీధికుక్క నోటికి బన్ను అందిస్తోంది. పోచయ్య ఉరికి వెళ్లి పిల్లను లాగాడు. తల్లి నవ్వింది. చెవి కోసిందే కదా, ఏం కాదులెమ్మంది.

ఆ సాయంత్రమే అతను శ్రీలత దగ్గరికి వెళ్లాడు. అతనికి సంతకం తప్ప రాయడం రాదు. గల్లీలో ఎవరికి అర్జీ కావాలన్నా ఆమే రాస్తుంది. “రా మామా,” అని ఆమె కాగితం తీసింది. మందు అయిపోవడం, పుస్తకంలో అబద్ధం, కుక్కలను వదలడం అన్నీ చెప్పాడు. ఆమె గబగబా రాసింది, అమ్మది నిర్లక్ష్యం కాదని లోకానికి తెలుస్తుందని.

“కుక్క కరిచినంక ఆమె నన్నే వచ్చి అడిగింది,” అన్నాడు పోచయ్య.

పెన్ను ఆగింది. “ఏమని అడిగింది?”

చెప్పాడు. తనేం చెప్పాడో చెప్పాడు. దవాఖానలో తల ఊపిన సంగతీ చెప్పి, అది కూడా రాయమన్నాడు. శ్రీలత ఒక్క మాట వదలకుండా రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకుంది.

“పొద్దుగాల నేనే పోయి మున్సిపాలిటీ ఆఫీసుల ఇస్త. నువ్వు ఇగ మా ఇంటికి రాకు,” అంది. మామా అనలేదు.