ఎర్ర గుడ్డలో గుప్పెడు బియ్యం

ఆ రోజుల్లో మేలు చెయ్యడం కూడా నాకు దొంగతనంలాగే ఉండేది. ఎవరి కంటా పడకూడదు, పడితే చేసిందంతా వృథా అని నా గట్టి నమ్మకం. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. అమ్మే పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని బైబిలు చూపిస్తూ అక్షరాలు నేర్పింది. అందువల్ల పదిహేడేళ్లు వచ్చేసరికి యూదయ దేశంలో ఏ ఊరి తరవాత ఏ ఊరొస్తుందో నాకు తెలుసు గానీ, మా వెనకవీధిలో ఎవరు తింటున్నారో ఎవరు పస్తుంటున్నారో తెలియదు. (ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను. ఆ మాట అప్పుడెవరైనా అని ఉంటే, వాళ్ల మనసు మారాలని ప్రార్థన చేసి ఉండేదాన్ని.)

మా ఊరు కోటబొమ్మాళికి దగ్గర. మా సంఘం ఆడవాళ్లకి ఒక అలవాటుంది. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం మందిరానికి పట్టుకెళ్తే అందరి గుప్పెళ్లూ ఒకే బస్తాలో కలుస్తాయి. ఆ బియ్యం లేనివాళ్లకి. సన్నబియ్యం, రేషన్ బియ్యం అన్నీ ఉంటాయందులో. మా పెద్దమ్మ పురుగు పట్టకుండా పసుపు కలిపి దాచేది కాబట్టి బస్తా మొత్తం కాస్త పచ్చగా కూడా ఉండేది. ఆ వేసవిలో మా పాస్టరు అయ్యగారు బస్తా మా ఇంట్లో పెట్టించి, "ఎవరికి అవసరమో చూసి నువ్వే ఇవ్వమ్మా" అన్నారు. ఇక నా కాళ్లు నేల మీద నిలవలేదు.

అవసరం ఎవరిదో వెతకనక్కర్లేదనుకున్నాను. వెనకవీధిలో చేపలప్ప ఉండేది. (మా వైపు అక్కని అప్ప అంటాం.) తెల్లారకముందే ఆటోలో సముద్రపు ఒడ్డుకి వెళ్లి, తొమ్మిదింటికల్లా గంప నెత్తిన పెట్టుకుని మా వీధిలో కేకేసేది. ఏటా వేసవిలో రెండు నెలలు వేట ఆపేస్తారు కదా, ఆ రెండు నెలలూ ఆ గంప ఇంటి చూరు కింద బోర్లించి ఉండేది. ఒకరోజు ఆవిడ కనిపిస్తే బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. అమ్మ పిలిచి అన్నం పెట్టబోతే, "ఉత్తినే ఎవలింట్లోనూ తిన్ను తల్లీ. సేపలు పడ్డాక నీకు రెండు ఎక్కువేస్తాను, అపుడు తింతాను" అని వెళ్లిపోయింది. చేతికిస్తే పుచ్చుకోదన్నమాట. రహస్యంగా ఇవ్వాలి. రహస్యమంటే నాకెంత ఇష్టమో ముందే చెప్పాను.

శనివారం కోడికూతకి లేచాను. ఇచ్చేది ముచ్చటగా ఉండాలని అమ్మ పెట్టెలోంచి ఎర్ర జాకెట్టు ముక్క తీశాను. అందులో రెండు కిలోల బియ్యం పోశాను. ఎండలకి షర్బత్తు చేసుకుంటుందని పెరటి నిమ్మకాయలు నాలుగు, బలానికి నాటుకోడి గుడ్లు రెండు, పచ్చడికి గుప్పెడు ఎండుమిరపకాయలు పెట్టి మూట కట్టాను. ప్రార్థనకి కప్పుకునే తెల్ల ఓణీ తల మీద వేసుకుని, మూట తీసుకెళ్లి చేపలప్ప గుమ్మంలో పెట్టాను. పెట్టి ఊరుకున్నానా? మోకరించి, కళ్లు మూసుకుని, ఆ ఇంటిని దీవించమని చాలాసేపు గొణుక్కున్నాను. అది చాలదనిపించి, లేచి నాలుగు దిక్కులకీ తిరిగి వీధి మొత్తాన్ని దీవించమన్నాను. (చదివేవాళ్లలో మా వైపువాళ్లుంటే ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు.) ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

అమ్మ కుదిపి లేపింది. "లెగే, బేగి లెగు. చేపలప్ప గుమ్మంలో ఎవలో చిల్లంగి పెట్టీసినారట."

చిల్లంగి అంటే చేతబడి. ఎవరు చేశారంటే వాళ్లని మా వైపు ఊళ్లో బతకనివ్వరు. అయ్యో పాపం అనుకుంటూ అమ్మ వెనకే పరిగెత్తాను. వీధంతా అక్కడే ఉంది. గుమ్మంలో నా మూట. ఒకాయన దూరంగా నిలబడి గడకర్రతో దాని ముడి విప్పుతున్నాడు. పచ్చటి బియ్యం, నిమ్మకాయలు, గుడ్లు, మిరపకాయలు ఒక్కొక్కటే బయటపడుతుంటే జనం ఒక్కొక్క అడుగు వెనక్కి వేశారు. నేనూ వేశాను. కట్టినదాన్ని నేనే అయినా, అలా చూస్తే నాకే ఒళ్లు జలదరించింది.

"నాను సూసినాను," అన్నాడు పాలు పోసే బావ. "తెల్ల ముసుగు. గుమ్మంకాడ కూకోని ఏటో గొణుగుతన్నాది. లెగిసి నాలుగు దిక్కులకీ తిరిగినాది. పాలు ఒలకబోసీసి పరిగెట్టీసినాను."

చేపలప్ప అరుగు మీద కూలబడి, మెల్లగా పక్కింటి వైపు తల తిప్పింది. ఆ ఇంట్లో ఉండేది ఆవిడ తోటికోడలే. మొగుడు పోయిన దగ్గర్నుంచీ తెల్లచీరే కట్టే ఆ ముసలావిడని అందరూ తెల్లచీర మామ్మ అనేవారు. పెరటి గోడ తగువుతో ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు.

"నా ఉసురు తీసీడానికేనేటే?" అంది చేపలప్ప.

మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "నిమ్మకాయ మొకం నాను సూసి ఎన్నాళ్లయినాదో నీకేటి తెలుసే," అంది.

"ఈది ఒగ్గీసి పొమ్మనండి దాన్ని," అన్నారెవరో. ఇద్దరు అప్పుడే లోపలికి వెళ్లి మామ్మ సత్తు గిన్నెలు తెచ్చి వీధిలో పెడుతున్నారు. అమ్మ ఎర్ర గుడ్డ వైపు చూసింది, తరవాత నా వైపు చూసింది. ఆ చూపు కన్నా చిల్లంగే నయం. నోరు విప్పితే మా సంఘాన్నే చిల్లంగివాళ్లంటారేమో. విప్పకపోతే మధ్యాహ్నానికి మామ్మ ఊళ్లో ఉండదు. నా గొంతులోంచి వచ్చిన మాట నాకే వినపడలేదు. రెండోసారి అనాల్సి వచ్చింది.

"అది నాను పెట్టినాను."

వీధి మొత్తం నా వైపు తిరిగింది. చేపలప్ప అరుగు దిగి వచ్చింది.

"నువ్వా? మందిరం గుంటవి, నీకేటి సేసినానే నాను?"

"ఆకలితో ఉన్నావని... చేతికిస్తే పుచ్చుకోవని."

"నిమ్మకాయలెందుకే మరి?"

"షర్బత్తుకి."

"ఆ గొణుగుడేటి?"

"ప్రార్థన."

ఎవరూ నవ్వలేదు, ఎవరూ నమ్మలేదు. చేపలప్ప తల అడ్డంగా ఊపింది. "అలగయితే ఆ బియ్యం ఎవలు తింతారో తినండి, సూస్తాను."

నేను ముందుకి అడుగు వేసేలోపే మామ్మ వచ్చింది. వీధిలో పెట్టిన తన గిన్నే తీసుకుని, ఆ బియ్యం రెండు దోసిళ్లు అందులోకి ఎత్తింది. "నన్నే కదా అన్నారు. నానే వండుతాను, నానే తింతాను." వాకిట్లో పొయ్యి రాజేసింది. అన్నం ఉడికేదాకా జనం కదల్లేదు. మామ్మ గుడ్లు కూడా అందులోనే ఉడికించి, మిరపకాయలు కాల్చి ఉప్పుతో నలిపి, పొగలు కక్కే అన్నం ఊదుకోకుండానే తినడం మొదలుపెట్టింది. మూడు ముద్దలు తిన్నాక తల ఎత్తి, "రాయే, సల్లారిపోతాది" అంది తోటికోడలితో. చేపలప్ప కొంగుతో మొహం తుడుచుకుని, వెళ్లి ఎదురుగా కూర్చుంది. మామ్మ రెండో గుడ్డు ఆవిడ ముందుకి తోసింది.

హమ్మయ్య అనుకుని, దేవునికి మనసులో వందనాలు చెప్పుకుంటూ వెనక్కి తిరిగాను. మామ్మ పిలిచింది.

"గుంటా, ఇదుగో. దానికి ఆకలేస్తందని నీకు తెలిసినాది, బాగున్నాది. మాది పక్కిల్లే కదమ్మా. నాకు నిన్నటేల నుంచీ కూడు నేదు. నాను అగుపడనేదా?"

ఆ రోజు ఎన్ని మాటలు పడ్డా, అసలు దెబ్బ అది. నాలుగు దిక్కులకీ తిరిగి ప్రార్థన చేసినదాన్ని. మామ్మ గుమ్మం ఆ నాలుగు దిక్కుల్లోనే ఉంది. నేను కళ్లు మూసుకుని ఉన్నాను.

వేట మొదలైన మొదటి రోజే చేపలప్ప మా గుమ్మంలో గంప దించి, వీధి చివరిదాకా వినపడేలా, "మంత్రం నేదు, మాయ నేదు, కవళ్ల సేపలు తెచ్చినాను, రాయే గుంటా" అని పిలిచింది. అమ్మ మాత్రం జాకెట్టు ముక్క సంగతి చాలాకాలం మరిచిపోలేదు.

ఇప్పుడు నాకూ తల నెరుస్తోంది. గుప్పెడు బియ్యం ఇప్పటికీ తీస్తాను. ఇచ్చేటప్పుడు మాత్రం పట్టపగలే వెళ్లి, తలుపు కొట్టి, లోపలికెళ్లి కూర్చుని, వాళ్లు టీ ఇస్తే తాగుతాను. లేచి వచ్చేటప్పుడు పక్కింటి తలుపు కూడా కొడతాను. నిమ్మకాయలు చేతిలో ఉంటే, తలుపు తీసేలోపు వాటిని కొంగు కింద దాచుకోబోయే ఆ తెల్ల ఓణీ పిల్ల నాలో ఇంకా కనిపిస్తుంది. దాచకమ్మా అని, నాలో నేనే నవ్వుకుంటాను.