అత్తమ్మ గుర్తుపట్టిన గొంతు

చూపు పోయాక మా అత్తమ్మ జోగిపేట నుంచి వెలిమెలలో మా దగ్గరికి వచ్చేసింది. వెలుగు ఎటుందో మాత్రం ఆమెకు తెలుస్తుంది. నేను ఇంటికి దగ్గర్లోని బడిలో టీచర్ని, మా ఆయన పటాన్‌చెరులో ఫ్యాక్టరీ సూపర్‌వైజర్. మేమిద్దరం పొద్దున్నే వెళ్లిపోతే ఆ కొత్త అపార్ట్‌మెంట్‌లో ఆమెకు వినిపించేది లిఫ్టు చప్పుడే. జోగిపేటలో అలా కాదు. చర్చి ఆడవాళ్లు, ఇంటి ముందు పోయేవాళ్లు, ఎవరో ఒకరు పలకరిస్తూనే ఉండేవారు.

ఆ రోజుల్లోనే మేం టీవీలో గూఢచారుల సిరీస్ ఒకటి మొదలుపెట్టాం. హిందీలో తీసింది, తెలుగు మాటలతో వచ్చేది. సాయంత్రం వంట కాగానే ముగ్గురం కూర్చునేవాళ్లం.

ఆ మనుషుల్ని ఎలా చెప్పాలి! గూఢచారుల దళానికి పెద్ద యాభై దాటిన ఆడమనిషి. నెరిసిన జుట్టు ముడి, నేత చీర. అందరూ మేడమ్ అంటారు. ఆమె గదిలోకి వస్తే తుపాకులున్నవాళ్లు కూడా సర్దుకుని నిలబడేవాళ్లు. ఎప్పుడూ అరవదు. ఎదుటివాడు అబద్ధం చెబుతుంటే కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటుంది, అంతే. ఆమె కింద పనిచేసే సన్నటి మనిషి ఒకసారి పాలవాడిగా, మరోసారి ముసలి లాయరుగా వస్తాడు. ఎంత మారినా ఆ కొంటె నవ్వు కోసం వెతుక్కునేదాన్ని. అవతలి పక్షాన హోటల్ నడిపే అందగత్తె ఒకతె. ఆమె తియ్యగా మాట్లాడుతుంటే నాకు వెన్ను జలదరించేది. వాళ్లను చూస్తూ చేతిలో ముద్ద నోటిదాకా తీసుకుపోవడం మరిచిపోయేదాన్ని.

"ఇప్పుడేం జేస్తున్నది బిడ్డా?" అని అత్తమ్మ అడిగేది.

"కళ్లద్దాలు తుడుస్తున్నది అత్తమ్మా."

"ఇగ వాడు సచ్చిండు పో!"

ఒకరోజు ఆమె ఉన్నట్టుండి, "మేడమ్, ఆ హోటలామె ఇద్దరు ఒక్కతే" అంది.

నేను నవ్వాను. "కాదత్తమ్మా, మేడమ్ పొడుగు, చామనఛాయ. ఆమె వేరే మనిషి."

"నువ్వు కండ్లతోని సూస్తున్నవ్. జెర చెవులు పెట్టు."

విన్నాను. ఒకటి మంద్రంగా, ఇంకొకటి మెత్తగా. నాకేమీ తెలియలేదు.

తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ మా గేటు దగ్గర కూరగాయల బండి ముందు ఆగాం. పక్కనే ఒకావిడ బెండకాయలు ఏరుకుంటోంది. నైటీ మీద చున్నీ వేసుకుంది. లిఫ్టులో అప్పుడప్పుడు చూసిన ముఖమే. "లేతవి చూసి వెయ్యి బాబూ" అంది. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మేడమ్!" అంది పైకే. "బిడ్డా, టీవీల మేడమ్‌కు మాట్లాడేది నువ్వే గదా?"

నాకు సిగ్గేసింది. ఆవిడ బెండకాయలు బండి మీద వదిలేసి, "నేను కాదమ్మా, ఎవరనుకున్నారో" అని గబగబా లోపలికి వెళ్లిపోయింది.

"ఏందత్తమ్మా, ఎవరినన్న గట్ల అడుగుతరా?" అన్నాను.

అత్తమ్మ ముఖం వెలిగిపోతోంది. "అబద్ధం జెప్పింది! మేడమ్ గూడ గిట్లనే జెప్తది, గుక్క తిప్పుకోకుండ."

రెండు మూడు రోజులకు ఆవిడే మా తలుపు తట్టింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మా పై అంతస్తులో ఉంటోందట. "పెద్దమ్మా, ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను. కొత్త సీజన్‌కు డబ్బింగ్ నడుస్తోంది, బయట చెప్పకూడదన్నారు. కానీ మనసు ఊరుకోలేదు" అంది. తర్వాత కాస్త ఆగి, "ఆ హోటల్ ఆవిడకూ డబ్బింగ్ నేనే చెప్పాను. చెప్పాల్సిన అమ్మాయికి గొంతు పోతే నన్నే కానిమ్మన్నారు. మా వాళ్లు తప్ప ఎవరూ పోల్చుకోలేదు" అంది.

అత్తమ్మ నా వైపు తిరిగి తన చెవి మీద వేలితో తట్టింది.

నేనే బతిమాలి, ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఎదురుపడే ఘట్టం పెట్టి శబ్దం తీసేశాను. ఆవిడ లేచి నిలబడింది. వేళ్లకింకా వంటింటి పసుపు ఉంది. తెర మీది పెదవులనే చూస్తూ ముందు ఊపిరి తీసింది. ఆ ఊపిరితోనే మా హాల్లోకి మేడమ్ వచ్చేసింది. మరుక్షణం అదే నోట్లోంచి హోటలామె మెత్తగా నవ్వింది. మా ఆయన డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, ఒక బూటు విప్పి రెండోది మరిచిపోయి గుమ్మంలోనే నిలబడ్డాడు. అత్తమ్మ చర్చిలో కూర్చున్నట్టు తల మీద కొంగు కప్పుకుంది. ఇన్నాళ్లూ నేను ఎవరిని చూసి అబ్బురపడ్డానో నాకే అర్థం కాలేదు. ఆ ముఖం ఒకరిది, ఈ గొంతు ఇంకొకరిది. ఇద్దరూ కలిస్తే ఆ మనిషి.

"మేడమ్ వేషం వేసిన ఆవిడను కలిశారా?" అని అడిగాను.

"ఎప్పుడూ చూడలేదండి. కానీ ఆవిడ ఊపిరి ఎక్కడ తీస్తుందో నాకు తెలుసు."

"ఆఖరికి ఏమైతది బిడ్డా?" అంది అత్తమ్మ.

"అది మాత్రం అడగొద్దు పెద్దమ్మా" అని ఆవిడ నవ్వేసింది.

కొత్త సీజన్ ఒక సెలవు రోజు పొద్దున్నుంచీ కూర్చుని చూశాం. చివర్లో మేడమ్‌కు తూటా తగిలింది. ఒక మాట సగంలో ఉండగా గొంతు ఆగిపోయింది. వేషాలు మార్చే మనిషి ఆమె కళ్లద్దాలు తీసి తుడుస్తున్నాడని నేను చెప్పబోతే అత్తమ్మ వినిపించుకోలేదు.

"నన్ను మీదికి తీస్కపో" అంది.

"అత్తమ్మా, అది కథ."

"నాకెర్కనే. తీస్కపో."

చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను. తలుపు తీసిన ఆవిడ మమ్మల్ని చూడగానే గ్రహించింది. "చూసేశారా పెద్దమ్మా?" అంది.

అత్తమ్మ చేతులు చాచి ఆవిడ నుదురు, చెంపలు తడిమింది. వేళ్లు మెడ దగ్గరికొచ్చి గొంతు మీద ఆగాయి. ఆవిడ కదలకుండా నిలబడింది.

"అన్నం తిన్నవా బిడ్డా?"

"ఇంకా లేదు పెద్దమ్మా." ఆ మాట అత్తమ్మ వేళ్ల కిందే పలికింది.

ఆ మధ్యాహ్నం మేం వాళ్లింట్లోనే తిన్నాం.