ఎర్రకాళ్ళ పిట్టల గట్టు

ఎండాకాలం పొద్దున్నే ఉప్పుమడుల మీద ఎర్రకాళ్ళ పిట్ట "కిక్ కిక్ కిక్" అని అరిస్తే ఇప్పటికీ నా కుడి అరికాలు జలదరిస్తుంది. అదెందుకో ఇన్నాళ్ళూ రాయలేకపోయాను. మొదట నాకు అక్షరాలు రావు. నలభై ఎనిమిదో ఏట వచ్చాయి. వచ్చాక భయం పట్టుకుంది. అక్షరాలు నేర్పిన మనిషికే అబద్ధం చెప్పి ఉన్నాను మరి.

ఆవిడ మార్తమ్మ టీచరు గారు. సొంతూరు చీపురుపల్లి. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక నౌపడ వచ్చి, మా ఉప్పుకూలీల వీధి చివర ఒక గది అద్దెకు తీసుకున్నారు. పిట్టల్ని చూడ్డానికి వచ్చానంటే మేమంతా నవ్వాం. మా మడులు దాటితే కంటికి ఆనినంత మేర తెల్లటి ఉప్పుబయలు, మేం పర్ర అంటాం. చెట్టు లేదు, నీడ లేదు. పైన ఉప్పు పొర నేలలా గట్టిగా కనిపిస్తుంది, కింద మోకాలి లోతు బురద. దారి తెలిసినవాళ్ళ తోడు లేకుండా అక్కడ తిరగకూడదు. ఆవిడకు ఆ తోడు నేనయ్యాను.

"మడమ ముందు ఆనించండమ్మా. పెళపెళమంటే పర్లేదు. సప్పుడు రాకపోతే కాలు ఎనక్కి తీసీండి," అన్నాను మొదటిరోజు.

"ఏటే పైడమ్మా, ముప్పై ఏళ్ళు పాఠాలు సెప్పినదాన్ని, నాకే నడక నేర్పుతున్నావా?" అని నవ్వి, నాలుగో అడుగులోనే మోకాలి దాకా దిగిపోయారు. నేను కంగారుపడి చెయ్యి పట్టి లాగుతుంటే ఆవిడ మాత్రం దుర్భిణి తడవకుండా పైకెత్తి పట్టుకున్నారు. ఆరోజు నుంచి నా గుండె కుదుటపడలేదు. ఆవిడ పిట్టను చూస్తుంటే నేను ఆవిడ పాదాలనే చూసేదాన్ని. ఎండ ఎక్కుతోంది, సీసాలో నీళ్ళు అడుగంటాయి, ఇంకా ఎంతదూరం పోతారీవిడ అని ఒకటే దిగులు. మా కుక్క గుండోడు మాత్రం ఏ దిగులూ లేకుండా వెనకే వచ్చేవాడు.

ఆ ఏడు గట్లకు బురద మెత్తే పనిలో ఉన్నాను. బురద తట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంటే గట్టు మీద పుల్లకు గుచ్చిన అట్టముక్క ఒకటి అడ్డంగా కనిపించింది. మా మడుల్లో రాత ఉన్న అట్ట అంటే ఆ మడి ఎవరిదో చెప్పే పేరే. మాకు దాంతో పనిలేదు. పీకి పక్కన పడేశాను. తట్ట నెత్తి మీంచే వంచి బురద పోసి, ఎప్పటిలాగే కాలితో తొక్కాను. పాదం కింద ఏదో సన్నగా చిట్లింది. కాలు తీసి చూస్తే బురదలో పెంకులు. మట్టిరంగు మీద నల్లచుక్కల గుడ్లు నాలుగు. నెత్తి మీద తట్ట ఉంటే కిందేముందో కనబడదు. తల్లిపిట్ట నా చుట్టూ తిరుగుతూ ఒకటే అరుపు.

సాయంత్రం టీచరు గారు వచ్చి, పెంకుల దగ్గర కూలబడిపోయారు. "నిన్ననే కదే సూశాను! ఇదెవరి పనే?" అన్నారు.

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు. "కుక్క పనయ్యుంటాదమ్మా."

ఆవిడ గుండోడి వంక చూశారు. వాడు తోకాడించాడు. "పాపం, దానికేటి తెలుస్తాది. గుడ్లు పెట్టే నెలల్లో కట్టీవే," అన్నారు. ఆ మర్నాడే తాడు వేశాను. నాలుగేళ్ళు, ప్రతి ఎండాకాలం వాడు గుంజ దగ్గరే ఉన్నాడు. నేను పనికి పోతుంటే మూలిగేవాడు.

పక్కన పడేసిన ఆ అట్టముక్కను మాత్రం అక్కడే వదిలేయలేదు. ఎందుకో తెచ్చి ఇంటి చూరులో దోపాను. తర్వాతి నెలల్లో, దుర్భిణి వదలకుండా పిట్టల పేర్లు రాయడానికి ఇంకో చెయ్యి కావాలని టీచరు గారు నాకు చదువు మొదలుపెట్టారు. ఉప్పు పొర మీదే పుల్లతో దిద్దించారు. "కొమ్ము మరిసిపోనావే!" అని కసిరేవారు, మళ్ళీ చెయ్యి పట్టి తిప్పేవారు. కూడబలుక్కుని చదవడం వచ్చిన రోజు ఇంటికెళ్ళి చూరులోంచి ఆ అట్ట తీశాను. "ఇక్కడ గుడ్లున్నాయి. పక్కనుంచి నడవండి." ఆవిడ గుండ్రటి రాత. మళ్ళీ చూరులోనే దోపేశాను.

మోకాళ్ళు అరిగిపోయి కిందటేడు ఆవిడ విజయనగరంలో కూతురి ఇంటికి వెళ్ళిపోయారు. వారం వారం ఫోన్ చేసేవారు. చివర్లో ఒకటే ప్రశ్న: "గుండోణ్ణి కట్టీశావా?" ఈ ఏడు మాత్రం, "రేపు బండికి వస్తన్నానే, గుడ్లు సూపించు," అన్నారు. ఆ పూటే నోటుపుస్తకంలో రెండు పేజీలు రాసుకున్నాను. నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు.

మర్నాడు టీచరు గారు కర్ర పోటు వేసుకుంటూ వచ్చి గట్టు మీద కూర్చున్నారు. ఆ పాత అట్ట ఆవిడ ఒళ్ళో పెట్టి, రెండు పేజీలూ నిలబడే చదివాను. రెండుసార్లు వరస తప్పాను. ఆవిడ దిద్దలేదు. అయిపోయాక అట్ట మీది తన రాతను వేలితో తడిమారు. ఇక నాతో మాట్లాడరనుకున్నాను.

"నాలుగేళ్ళు ఆ మూగజీవాన్ని కట్టించావు కదే నా సేత," అన్నారు. ఆ మాట సూటిగా తగిలింది. మళ్ళీ ఆవిడే, "సదువు రానోళ్ళు నడిసే గట్టు మీద రాసి పెట్టాను. బుద్ధి నాకుండాల," అని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. క్షమించానని అనలేదు. లేచేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకునే లేచారు.

మర్నాడు పొద్దున్న ముందు గుండోడి మెడ తాడు విప్పాను. వాడు నమ్మలేక కాసేపు గుంజ దగ్గరే నిలబడ్డాడు. తర్వాత కొత్త అట్ట మీద ఆవిడ మాటలే నా రాతతో రాసి, కింద నాలుగు గుడ్లు, వాటి పక్కన ఒక పాదం గీసి, ఆ పాదాన్ని అడ్డంగా కొట్టేశాను. తట్ట నెత్తినున్నా కనబడేలా, పొడుగు కర్రకు కట్టి గట్టు మొదట్లో కంటి ఎత్తున పాతాను. గుండోడు వెనకే వచ్చాడు. తల్లిపిట్ట లేచి అరిచింది. నా అరికాలు జలదరించింది. వాణ్ణి పిలవకుండా అక్కడే నిలబడ్డాను. వాడు అట్ట కట్టిన కర్ర వాసన చూసి, గుడ్ల పక్కనుంచి నడిచాడు.