ఆకాశానిదా, మనదా?

కేబుల్ పోయింది. టీవీ నిండా తెల్లచుక్కలు, సన్నని బుస. పాపను ఎడమ చంకనేసుకునే పాలసీసా కడిగి వచ్చి, పడుకోబెట్టి నుదురు తాకాను. వేడిగా తగిలింది. జ్వరమేమోనని భయమేసింది. ఆ బుస వింటూ ఉంటే సుగుణ మేడమ్ గొంతు వినిపించింది: "ఆగు పిల్లా. గిది ఎవలదో ముందుగాల సూడు."

కండ్లకోయలో నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె ఫిజిక్స్ చెప్పేవారు. ఆమె సొంతూరు రావల్కోల్. టీవీ బుసలో ఓ పిసరు విశ్వం పుట్టిన కొత్తలో వెలిగిన వెలుగేనని మొదటిరోజే చెప్పి మమ్మల్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆ వెలుగు చల్లారి, ఇప్పుడు అన్ని దిక్కుల నుంచీ మైక్రోవేవులుగా వస్తోందట. దాని కంపనంలో లవలేశం వాలు ఉండాలట. ఆ వాలునే ధ్రువణం అంటారు. నేల మీది టెలిస్కోపులతో దాన్ని పట్టడానికి అప్పట్లో పోటీలు పడుతున్నారు.

అంత చిన్నది మా వల్ల కాదు. కొలిచే పద్ధతి చూపించడమే మా ఫైనలియర్ ప్రాజెక్టు. మేడ్చల్ కేబుల్ అతను పారేసిన డిష్షును కాలేజీ డాబా మీద పాత స్కూటర్ టైరులో, కుదురు మీద కుండలా, నిట్టనిలువుగా పైకి చూసేలా కూర్చోబెట్టాం. మధ్యలోని రిసీవర్‌ను తిప్పుతూ మీటరు చూడటం నా పని. మర్నాడు ఎగ్జామినర్ వస్తారనగా, సాయంత్రం సూది కదిలింది.

"ఏందే, గంతులేస్తున్నవ్?" అంటూ మేడమ్ మెట్లెక్కి వచ్చారు.

"అడ్డంగా తిప్పగానే తగ్గింది మేడమ్! నిలువుగా పెడితే మళ్లీ పెరిగింది! పైనుంచి ఏదో వాలుగా వస్తోంది!"

"అసలుదైతే గీ సూదికి అందనంత చిన్నగుంటది. సరే, గిది ఆకాశందా, మనదా?"

"పైకే కదా చూస్తోంది. మనదెలా అవుతుంది?"

"మొత్తం డిష్షునే తిప్పు. ఆకాశం మనతోని తిరగదు. మనతోని తిరిగితే గది మనదే."

"రేపు చూపించడానికి ఇదొక్కటే ఉంది మేడమ్. ఉండనివ్వండి."

"గందుకే ఇయ్యాల్నే తిప్పాలె. జల్దీ పట్టు."

చెరోవైపు పట్టి తిప్పాం. వాలు కూడా డిష్షుతోపాటే తిరిగింది. రిసీవర్‌ను మోసే ఇనుప కమ్మీ ఓ పక్కకు వంగి ఉంది. చుట్టూ ఉన్న డాబా వేడిని అదే లోపలికి పంపుతోంది. నాకు ఏడుపొచ్చింది. మేడమ్ చప్పట్లు కొట్టారు. "దొరికిందే! మస్తు దొరికింది! దొంగ మనింట్లనే ఉన్నడు!"

మర్నాడు ఎగ్జామినర్ అడిగారు. "ఇంతకీ ఏం దొరికిందమ్మా?"

"మా తప్పు దొరికింది సార్. అది తీసేశాక సూది కదల్లేదు."

ఆయన ముందు నవ్వారు. తర్వాత వంగిన కమ్మీని మళ్లీ పెట్టించి, కోటు విప్పి, డిష్షును తనే తిప్పి చూశారు. ఇంకోసారి తిప్పారు. డాబా దిగేటప్పుడు నా భుజం తట్టారు. నేను పాసయ్యాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా ఇంటికి మేడమ్ ఫోన్ చేశారు. హలో కూడా లేదు. "సూసినవా పిల్లా? దక్షిణ ధ్రువం కాడి టెలిస్కోపుకు గా వాలు దొరికింది! గంత చలిల వాళ్లు సుత తిప్పి తిప్పి సూసుడే!" ఇద్దరం ఫోన్లోనే అరిచాం. వంటింట్లోంచి అమ్మ కంగారుగా పరిగెత్తుకొచ్చింది.

భయం వేసిన ప్రతిసారీ నేను చేసేదీ అదే, తిప్పి చూడటం. ఇప్పుడూ పాప నుదుటి మీది కుడిచేయి తీసి, ఎడమచేయి పెట్టాను. వేడి లేదు. కుడిచేయి ఇంకా తడిగా, సీసా కడిగిన నీళ్ల చల్లదనంతో ఉంది.

నాదే.