శైలజకు నేనిచ్చిన సలహా

కోలారు బంగారు గనులు మూతపడి పదకొండో ఏడు. అప్పటికి నేను కోలారులో ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌ని. గనుల పక్కనే ఊరిగాంలో ఇల్లు, రోజూ పొద్దున బస్సు ప్రయాణం. థియేటర్‌లో కత్తి పట్టేది డాక్టరే అయినా ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పేది మేము. ఆ పెత్తనం నాకు కొంచెం ఎక్కువగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మెడికల్ విద్యార్థులు ఒక్కో విభాగంలో కొన్ని వారాలు పనిచేస్తూ నేర్చుకుంటారు. దాన్ని పోస్టింగ్ అంటారు. సర్జరీ పోస్టింగ్‌కు కొత్త బ్యాచ్ వస్తే మొదటి రోజే ఒకరిద్దరు రక్తం చూసి కుప్పకూలడం మామూలే. కాస్త ఆటపట్టించి పంపేవాళ్లం. శైలజ సంగతి అది కాదు. మాలూరు దగ్గర లక్కూరులో రైతుల పిల్ల. సర్జన్ కావాలని ఒకటే పట్టుదల. మొదటి రోజు అందరూ వెళ్లాక, నేను పరికరాలు సర్దుకుంటుంటే వచ్చి నిలబడింది.

"సిస్టర్, నాకు ఎనిమిదో క్లాసు నుంచి ఒక బాధ ఉండాది. కదలకుండా శానాసేపు నిలబడుకుంటే కండ్లు తిరిగి పడిపోతాను. రక్తమంటే భయం లేదు. పరీక్షలన్నీ చేయించినాము, గుండె బాగుండాది అన్నారు. చెవులు గుయ్యిమంటానే కూర్చుంటే సరిపోతుంది. ప్రొఫెసర్ సార్‌కి ముందే చెప్పేద్దామనుకుంటా ఉండాను. మీరేమంటారు?"

దీన్ని వేసోవేగల్ సింకపీ అంటారు. ఉన్నట్టుండి రక్తపోటు పడిపోయి, మెదడుకు కాసేపు రక్తం చాలక మనిషి స్పృహ తప్పుతాడు. నీళ్లు, ఉప్పు సరిగ్గా తీసుకుంటూ, సూచన తెలియగానే కూర్చోవడమో పడుకోవడమో చేస్తే చాలామంది మామూలుగానే బతుకుతారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఇలా అన్నాను:

"నోరెత్తొద్దమ్మా. చెప్పినావంటే ఇంగ నీ పేరు పక్కన అన్‌ఫిట్ అని రాసేస్తారు. ఆ మాట ఒకసారి పడిందంటే పోదు."

ఆ భయం మా ఇంటిది. మా నాన్న చాంపియన్ రీఫ్స్ గనిలో, భూమి లోపల డ్రిల్లింగ్ పని చేసేవాడు. ఆ వేడికి అప్పుడప్పుడు కళ్లు తిరిగి పడిపోయేవాడు. కంపెనీ డాక్టరుకు తెలిస్తే అన్‌ఫిట్ అని రాసి లోపలి పని మాన్పిస్తారు. అందుకని తోటివాళ్లు పట్టుకుని నిలబెట్టేవాళ్లు, ఇంట్లో పిల్లలం ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తేవాళ్లం కాదు. దాస్తేనే బతుకు అని నమ్మి పెరిగినదాన్ని. కాలేజీ వేరు, గని వేరు అన్న సంగతి నాకు తట్టలేదు.

శైలజ నా మాట నమ్మింది. ఇక నా ఏర్పాట్లు మొదలయ్యాయి. పొద్దున్నే ఉప్పేసిన మజ్జిగ తాగించేదాన్ని. గోడకు ఆనుకునే చోట నిలబెట్టి, కాలివేళ్లు ఆడిస్తూ ఉండమనేదాన్ని. చెవులు గుయ్యిమంటే ఆమె నా వైపు చూసేది. నేను వెంటనే ఏదో ప్యాకెట్ తెమ్మని బయటికి తరిమేదాన్ని. మూడు వారాలు ఎవరికీ అనుమానం రాలేదు. లోలోపల నాకు గర్వంగా కూడా ఉండేది.

నాలుగో వారంలో ప్రొఫెసర్ గారు ఆమె చురుకుదనానికి ముచ్చటపడి, "ఈ రోజు నువ్వు స్క్రబ్ అవ్వమ్మా" అన్నారు. అంటే చేతులు శుభ్రంగా కడుక్కుని, గౌను, గ్లవుజులు వేసుకుని ఆపరేషన్‌లో తానూ ఒక చెయ్యి వేయడం. పిత్తాశయం ఆపరేషన్ అది. కోసిన చోటు మూసుకోకుండా లాగి పట్టే రిట్రాక్టర్‌ను ఆమె చేతికిచ్చారు. దాన్ని పట్టుకున్నవాళ్లు కదలకూడదు. ఆ పిల్ల సంతోషం చెప్పనలవి కాదు.

గంట దాటాక ఆమె కళ్లు నా వైపు తిరిగాయి. మాస్కు పైన నుదురంతా చెమట. నాకు అర్థమైంది. ఇంకో పది నిమిషాల్లో పని అయిపోతుంది, ఇప్పుడు తప్పుకుంటే గుట్టు బయటపడుతుంది అనుకున్నాను. వద్దని తల అడ్డంగా ఊపాను. ఆమె ఓర్చుకుంది.

ఇక నిలబడలేనని తెలిసినప్పుడు కూడా రిట్రాక్టర్‌ను పక్కనున్న హౌస్ సర్జన్ చేతిలో పెట్టి మరీ పడిపోయింది. రోగికి ఏమీ కాలేదు. ఆమె గడ్డం మాత్రం ట్రాలీ అంచుకు తగిలి దవడ ఎముక విరిగింది. రెండు పళ్లు పోయాయి.

దవడ కాస్త కుదుటపడ్డాక ప్రొఫెసర్ గారు ఆమెను గదికి పిలిపించారు. నన్నూ ఉండమన్నారు. ఆయన చిత్తూరు వైపు మనిషి. గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది.

"ముందే చెప్పింటే ఒక స్టూలు వేయించుంటాను గదమ్మా! నడుము నొప్పని నేనే స్టూలు మీద కూర్చుని చేస్తా ఉండానే!"

నిజమే. ఆయనకు రోజూ ఆ స్టూలు వేసేది నేనే.

"నీకు కండ్లు తిరిగినందుకు నేనేమీ అనను. రోగి కడుపు తెరిచి ఉన్నప్పుడు ఇంత సంగతి దాచినావే, అది తప్పు. దాచమని ఎవరన్నా చెప్పినారా?"

శైలజ నా వైపు చూడనైనా చూడలేదు.

"లేదు సార్. నేనే దాచినాను."

అప్పుడు నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. రిటైర్మెంట్‌కు రెండేళ్లే ఉంది, పరువు పోతుందని భయం వేసింది. ఆమె పోస్టింగ్ పూర్తయినట్టు ఆయన సంతకం పెట్టలేదు. తోటివాళ్లతో పరీక్ష రాయలేక ఆ పిల్ల ఆరు నెలలు వెనకబడింది. సర్జన్ అవుతానన్న మాట మళ్లీ ఆమె నోట వినలేదు. పై చదువుకు పాథాలజీ తీసుకుంది, మైక్రోస్కోపు ముందు కూర్చుని చేసే పని. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, "మీరు నా మంచికే చెప్పినారు సిస్టర్, మనసులో పెట్టుకోవద్దండి" అంది. దానికన్నా నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

రిటైరైన రోజు ప్రొఫెసర్ గారి గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను.

"ఆ పొద్దే చెప్పింటే నేను సంతకం పెట్టేసుందును సిస్టర్" అన్నారాయన.

అన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో కేసులు చూశాను. నేను ఓడిపోయిన కేసు ఇదొక్కటే అనుకుంటాను. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది నిజం చెప్పేస్తానని. దాచమన్నది నేను. శిక్ష పడింది దాచినందుకే. పడింది మాత్రం ఆమెకు.