సింగారం తీసి చూసే తమ్ముడు

మా తమ్ముడు పోయాడని గోదావరిఖని నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పూజలో ఉన్నాను. దీపంలో నూనె పోసి లేచాను.

బొగ్గుబాయిలో పైకప్పు పదిలంగా ఉందో లేదో చూసే పని వాడిది. ముందు షిఫ్టువాళ్లు బాగుందన్నా వినడు. తన కర్రతో తట్టి, చప్పుడు విన్నాకే మనుషులను లోపలికి పంపేవాడు. వెక్కిరించినవాళ్లే క్షేమంగా ఇళ్లకు చేరేవాళ్లు. ఇంట్లోనూ అంతే. గ్యాస్ కట్టేశానని మరదలు చెప్పినా లేచి చూసొచ్చేవాడు. 'నన్ను గూడ తట్టి చూసే చేసుకున్నడు వదినె' అనేది ఆమె. రాష్ట్రం వస్తోందని వీధంతా సంబరపడుతుంటే, 'గెజెట్ల చూసినంక నమ్ముత' అన్నాడు. చూడకుండానే పోయాడు.

రామగిరి వైపున్న మా ఊరు ఓపెన్‌కాస్టు గనిలో కలిసిపోయింది. దాన్ని తమ్ముడు కంప్యూటర్‌లో మళ్లీ కట్టుకున్నాడు. వికీ అంటారట. ఇంటికొక పేజీ. పేరు మీద నొక్కితే పక్కింటికి పోవచ్చు. రంగులు, పటం, బొత్తాలు కూడా తనే చేసి పెట్టుకున్నాడు.

మొదట్లో అన్నీ ఒకే ఫైలులో ఉండేవి. ఆ వికీ ప్రోగ్రాం కొత్తది వచ్చినప్పుడు, తను పెట్టిన రంగులు దానికి పొసగక, పాత ఫైలు చెరిపి కొత్తది ఎక్కించాడు. రంగులతో పాటు, అప్పటికింకా వేరే నకలు తీసి పెట్టని పడమటి వాడ మొత్తం పోయింది. ఆ వాడ సంగతులు చెప్పిన పెద్దవ్వ అప్పటికే లేదు. ఆ రోజు వాడు అన్నం ముట్టలేదు.

తర్వాత రెండు ఫైళ్లు చేశాడు. నాకు అనుమానమే వచ్చింది.

"రెండెందుకురా? దాంట్ల ఏం దాస్తున్నవ్?"

"ఒకటి ఊరి సంగతులు రాసిన ముచ్చట, ఒకటి రంగుల సింగారం అక్కా. సింగారం నాది, ఎట్లనన్న మారుస్త. ముచ్చట ఊరిది. రెంటిని ఒక్కకాడ ఉండనియ్యద్దు."

"నేను శుక్రవారం అమ్మవారికి చీర మారుస్త. అమ్మవారు మారుతదా?"

"నువ్వు నమ్ముతవు. నేను తీసి చూస్త."

నిజంగానే అప్పుడప్పుడు సింగారమంతా తీసేసి, ఉత్త రాతనే తెరిచి చూసుకునేవాడు.

దినాలయ్యాక తమ్ముడి కూతురు, నా మేనకోడలు, ఆ ఫైళ్లు తన కంప్యూటర్‌లో వేసుకుని వికీ తెరిచింది. రంగుల్లేవు. పటం లేదు. బొత్తాలు పలకలేదు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మల్ల అంత పాయెనా వదినె?"

"ఆగమ్మా. సింగారమే ఈ కంప్యూటర్ల నడుస్తలేదు. బాపు రాసింది వేరే ఉన్నది," అంది మేనకోడలు.

తెల్ల పేజీ మీద నల్లటి అక్షరాలు వచ్చాయి. నాకు నమ్మకం కలగలేదు.

"కుమ్మరోళ్ల ఇల్లు తియ్యి. పక్కకు ఎవలది?"

సరిగ్గానే ఉంది. ఇంకో ఇల్లు అడిగాను. అదీ ఉంది. చివరికి పడమటి వాడ తియ్యమన్నాను. పేజీ దాదాపు ఖాళీ. పైన ఒక్క వాక్యం: 'ఇది నా చేతిలో పోయింది. ఊహించి రాయలేదు.'

అప్పుడు మిగతాదంతా నమ్మాను. దేవుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

మరదలు కుర్చీ దగ్గరికి లాక్కుంది. మా వాకిలి నుంచి మొదలుపెట్టి ఒక్కో ఇల్లూ పైకి చదవసాగింది. ఇంతలో గనిలో బ్లాస్టింగ్ అయింది. కిటికీ అద్దాలు అదిరాయి. గోడ మీది సున్నం కాస్త రాలి కీబోర్డు మీద పడింది. మరదలు దాన్ని మెల్లగా ఊది, తర్వాతి ఇంటికి వెళ్లింది.